‘గోళీల బల్ల అమ్మబడును’: టంకారిణీ వ్యాఖ్య

అవతారిక

టీకా అనగానే పిల్లల దండచెయ్యి, నర్సమ్మ సూది గుర్తొచ్చే కాలం. ఇది ఆ టీకా కాదు. మన మెదక్ సీమలో కొల్చారం అనే ఊరుంది. ఆరేడు వందల ఏళ్ల కిందట ఆ ఊరిని ఇంటిపేరు చేసుకున్న కోలాచల మల్లినాథసూరి కాళిదాసుకు సంజీవని, భారవికి ఘంటాపథం, మాఘుడికి సర్వంకష రాసిపెట్టి పోయాడు. ఆయన పుణ్యమే లేకపోతే మేఘసందేశం మనలో చాలామందికి వాతావరణ సూచనగానే మిగిలేది. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఆయన ఒట్టు పెట్టుకున్నాడు. ఆ ఒట్టులో మొదటి సగానికి నేను కట్టుబడతాను. రెండో సగం నా వల్ల కాదు. అక్కర్లేనివే నా దగ్గర ఎక్కువ. ఇంటినిండా అవే ఉన్నాయని మా ఆవిడ పూర్వపక్షం.

వ్యాఖ్యకు ఎత్తుకున్న మూలం ఖానాపురం హవేలిలో ఒక కిరాణా కొట్టు గోడ మీద, ఇంటర్ ట్యూషన్లకూ బోరు మోటారు రిపేర్లకూ నడుమ అంటించి ఉంది. కర్త పేరు లేదు. ఫోన్ నంబరు ఉంది. మూలకర్తా వ్యాఖ్యాతా ఒకే ఇంట్లో ఉంటారు, ఒకే కళ్లజోడు వాడతారు, తెలుగు పండితుడిగా ఒకే రోజున రిటైరయ్యారు. అయినా వ్యాఖ్యాత మూలకర్తను ‘కవి’ అనే పిలుస్తాడు. అదీ పద్ధతి.

మూలం

పాత గోళీల బల్ల అమ్మబడును. టేకు చట్రం. మేకులు 214, గోళీలు 5. పనిచేయును. కాళ్లకు నీటి మరక కలదు. మెట్లు ఎక్కనందున అమ్మకం. ధర మాట్లాడుకొనవచ్చును. టైంపాస్ వారు ఫోన్ చేయరాదు. ఖానాపురం హవేలి.

ప్రతిపదార్థం

పాత = చవకగా వచ్చునేమోయని చదువరికి ఆశ కలిగించునట్టిదియు, కవికి మాత్రము మిక్కిలి ప్రియమైనట్టిదియు అగు; గోళీల బల్ల = దిగువ చూడుడు; అమ్మబడును = దీనిని కూడ దిగువనే చూడుడు, ఇప్పుడు చెప్పు ధైర్యము లేదు; టేకు చట్రం = చెదలు పట్టని అంచు; మేకులు 214 = నాలుగు మార్లు లెక్కింపగా 213, 214, 214, 216 రాగా పంచాయితీ చేసి తేల్చిన సంఖ్య; పనిచేయును = ఇంటిలో తక్కిన వస్తువులవలె గాక.

బల్ల

బల్ల అంటే బడి బల్ల కాదు, అరుగు మీది బల్ల కాదు. నాలుగున్నర అడుగుల పొడవు, రెండున్నర వెడల్పు, నాలుగు కాళ్లు. తల వైపు ఎత్తు, కాళ్ల వైపు వాలు. కుడి పక్కన సన్నటి సందు, అందులో స్ప్రింగు పుల్ల. పుల్ల లాగి వదిలితే ఇనప గోళీ సందులో ఎక్కి, తల దగ్గర వంపు తిరిగి, మేకుల గుంపులో పడి, టంగు టంగుమని దారి వెతుక్కుంటూ కింద ఏదో ఒక గడిలో చేరుతుంది. గడికో అంకె, అంకెకో బహుమతి. పదికి పిన్నీసులు, యాభైకి దువ్వెన, నూరుకి స్టీలు గ్లాసు. నట్టనడిమి గడికి సున్నా. పాతికేళ్లు దాటిన వాళ్లెవరైనా ఏదో ఒక జాతరలో దీని ముందు అర్ధరూపాయో రూపాయో పోగొట్టుకునే ఉంటారు.

దీని వంశం చిన్నదేమీ కాదు. ఫ్రాన్సులో 1777లో రాజుగారి తమ్ముడు వదినగారితో పందెం కాసి, రెండు నెలల చిల్లరలో బగతెల్ అనే మేడ కట్టించాడు. వదిన అంటే సామాన్యురాలు కాదు, మేరీ ఆంత్వానెత్. ఆ మేడలో జరిగిన విందులో ఆడిన ఆట కాబట్టి దీనికి ఆ మేడ పేరే వచ్చిందని చెప్పుకుంటారు. వదినా మరుదుల పందెంలో పుట్టిన ఆట మన జాతరల దాకా రావడంలో వింత లేదు. అప్పట్లో గోళీని కర్రతో పొడిచేవారు. 1871లో అమెరికాలోని సిన్సినాటిలో రెడ్‌గ్రేవ్ అనే ఆయన కర్ర తీసేసి స్ప్రింగు పెట్టి పేటెంటు పుచ్చుకున్నాడు. 1931లో షికాగోలో గాట్లీబ్ అనే ఆయన ‘బ్యాఫుల్ బాల్’ అనే చిన్న బల్లలను కొట్ల కౌంటర్ల మీదికి ఎక్కించాడు. 1947లో అదే కంపెనీ ‘హంప్టీ డంప్టీ’ అనే బల్లకు రెక్కలు పెట్టింది. జారిపడబోయే గోళీని మళ్లీ పైకి తన్నే రెక్కలు, వాళ్ల మాటలో ఫ్లిప్పర్లు. అక్కణ్ణుంచి దీపాలు, గంటలు, రంగుల అద్దాలు చేరి అది ఇవాళ లోకం ఎరిగిన పిన్‌బాల్ మెషినైంది. మనకు స్వాతంత్ర్యం వచ్చిన ఏడే అక్కడి గోళీకి రెండో అవకాశం వచ్చిందన్న మాట. మా బల్ల మాత్రం 1871 దగ్గర ఆగిపోయింది. దీనికి కరెంటు లేదు, రెక్కలు లేవు. పడితే పడ్డట్టే.

శంక: ఇది జూదం కాదా?

సమాధానం: ఈ శంక న్యూయార్కు మేయరు లా గార్డియాకూ కలిగింది. 1942లో పిన్‌బాల్‌ను నిషేధించి, పట్టుకున్న మెషిన్లను సమ్మెటతో స్వయంగా బద్దలు కొట్టి ఫొటోలు దిగాడు. ఆ నిషేధం 1976 దాకా సాగింది. చివరికి రోజర్ షార్ప్ అనే ఆటగాడు నగర సభ్యుల ముందు నిలబడి, గోళీ ఏ సందులోకి పోతుందో ముందే చెప్పి పుల్ల లాగాడు. చెప్పిన సందులోకే పోయింది. నిషేధం ఎగిరిపోయింది. మన దగ్గర ఈ చర్చ పేకముక్కల మీద నడిచింది. 1968లో సుప్రీంకోర్టు సికింద్రాబాదు క్లబ్బు ఒకదాని కేసులో, రమ్మీ మూడు ముక్కలాట వంటిది కాదు, అందులో ప్రధానం నైపుణ్యమేనని తీర్పు చెప్పింది. 2017లో తెలంగాణ సర్కారు చట్టం సవరించి ఆన్‌లైన్ రమ్మీని కట్టేసింది. నడుమ మా బల్ల వంటి పేదవాటి గురించి ఏ కోర్టూ నోరు విప్పినట్టు నేను వినలేదు. జాతరలో వాటి న్యాయం వాటిదే. దూరాన ఖాకీ చొక్కా కనిపిస్తే దుకాణందారు మేకుల మీద దుప్పటి కప్పి, దాని మీద గాజుల పెట్టెలు పరిచేవాడు. ఆ క్షణానికి అది గాజుల కొట్టు.

ఇంకో రహస్యం. సున్నా నడిమి గడిలోనే ఎందుకు? మేకుల వరసల మీద గోళీలు వదిలితే ప్రతి మేకు దగ్గరా కుడికో ఎడమకో మళ్లి, చివరికి ఎక్కువ నడుమే కుప్ప పడతాయి, అంచులకు కొద్దిగానే పోతాయి. ఈ సంగతి ఇంగ్లండులో గాల్టన్ అనే శాస్త్రజ్ఞుడు ఇలాంటి బల్లతోనే చేసి చూపించి, 1889 నాటి తన పుస్తకంలో వర్ణించాడు. మన తెలుగింటి సి. ఆర్. రావుగారు ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కలు చదువుకుని ఇలాంటి లెక్కలు తేల్చే గణాంక శాస్త్రంలోనే లోకానికి గురువయ్యారు. జాతర దుకాణందారుకు గురువెవరో తెలియదు. సున్నాను మాత్రం సరిగ్గా నడుమ పెట్టాడు.

మరి అదృష్టమా, నైపుణ్యమా? వ్యాఖ్యాత అనుభవం ఇది: మొదటి ఏడాది అదృష్టం, ముప్పై ఎనిమిదో ఏట నైపుణ్యం. ఇందులోనూ ఒక మినహాయింపు ఉంది. మా ఆవిడ మొదటి రోజునుంచీ నూరు గడిలోనే వేస్తుంది. ఎలా అంటే, “పుల్లను కోపంగా లాగొద్దు” అంటుంది. ఇంతకు మించి ఏ శాస్త్రమూ చెప్పదు.

పనిచేయును

తేలిక మాట. వివరణ అక్కర్లేదు. ఒక కుర్రాడు మాత్రం ఫోన్ చేసి, “చార్జింగ్ ఎంతసేపు వస్తది అంకుల్?” అని అడిగాడు. 1987 నుంచి ఒకే చార్జింగు మీద ఉందని చెప్పాను. వాడు నమ్మాడు.

కాళ్లకు నీటి మరక కలదు

కావ్యమంతటికీ ప్రాణం ఈ వాక్యం. అమ్మదలచినవాడు వస్తువు లోపాన్ని తానే ఎందుకు చెప్పాలి? నిజాయితీ అని పామరులు అనుకుంటారు. కాదు. కవి గొప్ప చెప్పుకుంటున్నాడు. నగ మీది హాల్‌మార్కును ఎవరైనా లోపమంటారా?

1986 ఆగస్టులో గోదావరి భద్రాచలం దగ్గర 75.6 అడుగులకు చేరింది. ఆ మాట విన్నా అక్కడివాళ్లకు ఈనాటికీ ఒళ్లు జలదరిస్తుంది. నది 43 అడుగులకు వస్తే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. మా వైపు పిల్లలకు రెండో ఎక్కం తడబడవచ్చు గానీ ఈ మూడు అంకెలు తడబడవు. ఆ ఏడు, అప్పట్లో ఈ బల్ల నడిపిన జాతర దుకాణందారు ఇంట్లోకి నీళ్లొచ్చాయి. గిన్నెలు కొన్ని పోయాయి, గాజుల పెట్టెలన్నీ పోయాయి. బల్ల ఒకటే టేకుదని నిలబడిపోయింది. నీళ్లు తీశాక కాళ్ల మీద, నేలకు రెండు జానల ఎత్తున, నల్లటి గీత మిగిలింది. ఇల్లు ఎత్తు మీద కాబట్టి రెండు జానలు. పల్లంలోని ఇళ్లయితే కప్పులు కూడా కనిపించలేదట.

మరుసటి ఏడాది, 1987 శ్రీరామనవమికి, కొత్తగా పెళ్లైన కవి భార్యతో కల్యాణానికి భద్రాచలం వెళ్లాడు. ఆవిడ గాజులడిగింది. దుకాణంలో గాజులు లేవు, బల్ల ఉంది. వరద తర్వాత దుకాణం ఎత్తేస్తున్నానని ఆయన అన్నాడు. కవి మూడు వందలిచ్చి బల్ల కొన్నాడు. గాజులు కొనలేదు. కొత్తగూడెం మీదుగా నూటపాతిక కిలోమీటర్లకు అటూ ఇటుగా ఉన్న ఆ దారి పొడుగునా బల్ల బస్సు టాపు మీద, ఆవిడ కోపం బస్సు లోపల. గాజుల సంగతి ఇవాళ్టికీ నెలకోసారి వస్తుంది. వ్యాఖ్యాత దాన్ని నిత్యవిధిగా స్వీకరించాడు.

తర్వాత ఇంట్లోకి చాలా చేరాయి. వామనగుంటల పీటలు ఏడు, పచ్చీసు గుడ్డలు మూడు, ఎవరో పారేసిన అష్టాచెమ్మా పలక, పులిజూదం గీసిన నాపరాయి, ఏటికొప్పాక అంకుడుకర్ర బొంగరాలు, తల విరిగిన ఒక కొండపల్లి ఏనుగు. ఏనుగు ఆట వస్తువు కాదని అభ్యంతరం రావచ్చు. తల లేదు కాబట్టి అతకాలి, అతకడమూ ఒక ఆటే. వీటన్నిటికీ పెద్దదిక్కు గోళీల బల్ల.

మెట్లు ఎక్కనందున

హేతువు. కింది పోర్షను అద్దెకు ఇవ్వాల్సి వచ్చింది. తక్కినవన్నీ పైకి ఎక్కాయి. బల్ల మాత్రం మెట్ల మలుపు దగ్గర ఆగింది. పక్కకు వాల్చాం, నిలబెట్టాం, కాళ్లు ఊడదీద్దామని వడ్రంగిని పిలిచాం. కాళ్లు ఊడదీసినా చట్రం అరజానెడు ఎక్కువేనన్నాడాయన. గోడ కొడదామంటే కవికి ధైర్యం చాలలేదు, మేస్త్రికి చాలింది, ఆవిడకు అసలు ఇష్టం లేదు. ఇరవై రోజులు బల్ల మెట్ల మధ్యలోనే ఉంది. అటు పోలేదు, ఇటు రాలేదు. కింద అద్దెకొచ్చినవాళ్లు దాని కింది నుంచి వంగి వెళ్లారు. మా కవికి అది ప్రదక్షిణలాగే కనిపించింది.

ఈ సందర్భంలో సాలార్‌జంగుగారిని తలుచుకోవాలి. మూడో సాలార్‌జంగు మీర్ యూసుఫ్ అలీ ఖాన్ ఉన్న సొమ్మంతా వస్తువుల మీద పెట్టాడు. 1949లో ఆయన పోయాక, 1951లో ఆయన దివాన్ దేవిడీలోనే మ్యూజియం తెరిచారు. 1968లో అదంతా మూసీ ఒడ్డున కట్టిన పెద్ద భవనంలోకి మారింది. ఆయన ఏదీ ఎందుకు అమ్మలేదని చరిత్రకారులు రకరకాలుగా చెప్పవచ్చు. వ్యాఖ్యాతకు తోచిన కారణం ఒకటే. ఆయనకు పెళ్లి కాలేదు. దేవిడీ మెట్లు కూడా వెడల్పే అయి ఉండాలి.

అమ్మబడును

ఇక తప్పదు.

చిన్నయసూరి బాలవ్యాకరణం 1858 నుంచీ ఇళ్లలో ఉంది, మా ఇంట్లో నా చిన్నప్పటినుంచీ ఉంది. నలభై ఏళ్లు పిల్లలకు కర్మణి ప్రయోగం నేర్పి, చివరన ఒక్క మాట చెప్పేవాణ్ణి: “పరీక్షకు రాయండిరా, ఇంట్లో మాట్లాడకండి.” తెలుగులో అన్నం తినబడదు, కూర వండబడదు. పిల్లవాణ్ణి కొట్టిన తల్లి “వీడు నాచేత కొట్టబడెను” అనదు. మనకు కర్త కావాలి. ఎవరో ఒకరు చెయ్యాలి, ఆ చేసినవాళ్లను మనం తిట్టుకోవాలి.

అటువంటి భాషలో, అటువంటి పండితుడు, ‘అమ్మబడును’ అని రాశాడు. ఏం? ‘అమ్ముతాను’ అంటే అమ్మేది తానని ఒప్పుకోవాలి. ‘అమ్మబడును’ అంటే ఎవరూ అమ్మరు. వానపడినట్టు, తెల్లవారినట్టు, అదే అమ్ముడైపోతుంది. కవి ఆ ‘బడు’ చాటున దాక్కున్నాడు. ఆ చాటున కనబడుతూనే ఉన్నాడని మా ఆవిడ అంటుంది.

భాగవతాన్ని రాజులకు అంకితమివ్వనన్న పోతనగారి కథ మనకు తెలుసు. పాత లెక్కల్లో మాకు పక్క జిల్లా అయిన బమ్మెర ఆయనది. కృతిని కన్యగా భావించి, అమ్ముకోవడం పాపమన్నాడని చెప్పుకుంటారు. ఆయనకు పొలం ఉంది, దున్నుకున్నాడు. మా బల్లకు పొలంలో కూడా చోటు లేదు.

ధర మాట్లాడుకొనవచ్చును

‘వచ్చును’ అన్నాడు గానీ ‘తగ్గును’ అనలేదు. గమనించాలి.

టైంపాస్ వారు ఫోన్ చేయరాదు

నిషేధం. నిషేధం ఉన్నచోట కోరిక ఉంటుందని మీమాంసకులు అనకపోయినా ఇంటింటా ఉన్నదే. ఎవరైనా టైంపాస్‌కు ఫోన్ చేస్తే బాగుండునన్నదే ఇక్కడి ధ్వని.

ఖానాపురం హవేలి

‘హవేలి’ వినగానే హైదరాబాదు చుట్టాలు మేడ ఏదని అడుగుతారు. మేడ లేదు. వెనకటి రెవెన్యూ లెక్కల్లో హవేలి అంటే కేంద్ర పట్టణం చుట్టూ ఉండి నేరుగా సర్కారు చేతికింద ఉండే నేల. ఖమ్మానికి ఆనుకుని ఉన్నాం కాబట్టి మాది హవేలి. 2012లో ఖమ్మం కార్పొరేషనైనప్పుడు మమ్మల్నీ అందులో కలిపేశారు. ఇప్పుడు ఊరు పోయి పేరు మిగిలింది. పేరు మాత్రం మేడంత ఉంది.

పాఠాంతరాలు

మొదటి ప్రతిలో ‘గోటీల బల్ల’ అని ఉంది. ఖమ్మంలో మున్నేటి నీళ్లు తాగినవాళ్లు గోటీలంటారు, కృష్ణా జిల్లా చుట్టరికాలున్నవాళ్లు గోళీలంటారు, మా ఇంట్లో రెండూ ఉన్నాయి. ఓటింగులో గోళీలు గెలిచాయి. మొదటి ప్రతిలోనే ‘గోళీలు 6’ అని ఉండి, ఆరు కొట్టివేసి అయిదు వేశారు. ఆరోది ఎక్కడుందో కవికి తెలుసు. వ్యాఖ్యాత చెప్పడు.

రసం

కరుణమని కొందరు. వస్తువు నశించలేదు కాబట్టి కరుణం పొసగదు. విప్రలంభమంటే, మేఘసందేశంలోని యక్షుడికైనా ఏడాది గడువుంది, మళ్లీ కలుస్తాడు. ఇక్కడ గడువు లేదు. ఇది ఏ రసమో ఆలంకారికులు తేల్చేలోపు ఆటో వచ్చింది.

కొన్నవాడు ఖమ్మంలోని ప్రకాశ్‌నగర్ నుంచి వచ్చాడు. టైల్స్ పని చేస్తాడు. వెంట పదేళ్ల కూతురు. 2024 సెప్టెంబరు 1న మున్నేరు పొంగినప్పుడు నీళ్లలో మునిగిన పేటల్లో వాళ్లదీ ఒకటి. టీవీ, బీరువా, పిల్ల పుస్తకాలు, అన్నీ బురదైపోయాయట. బల్ల చూశాడు. పుల్ల లాగలేదు, మేకులు లెక్కపెట్టలేదు. కిందికి వంగి, కాలి మీది గీతకు అరచెయ్యి ఆనించాడు.

“ఇది ఏ వరద సార్?”

“ఎనభై ఆరు. గోదారి.”

“మాయింట్ల గీత ఇంకా పైకుంది” అన్నాడు. కూతురి భుజం దగ్గర చెయ్యి పెట్టి చూపించాడు. ఆ పిల్ల కొంచెం నిటారుగా నిలబడింది.

సానుభూతి వేరు, బేరం వేరు. ఆరు వేల దగ్గర మొదలై నాలుగున్నర దగ్గర ఆగాం. అందులోంచి ఆటోకు ఐదు వందలు కవే ఇచ్చుకున్నాడు, బల్ల కుదుపుకు గురికాకూడదని. అప్పగింతలు క్లుప్తంగా జరిగాయి. మా ఆవిడ పాత చీర ముక్కతో 214 మేకులూ తుడిచింది. తర్వాత ఆ పిల్లను పిలిచి, చెయ్యి పట్టుకుని, పుల్ల మీద పెట్టి, “కోపంగా లాగొద్దు” అంది. గోళీ పైకెళ్లి, వంపు తిరిగి, టంగు టంగుమంటూ వచ్చి సున్నాలో పడింది. పిల్ల నవ్వింది. మళ్లీ లాగింది. మళ్లీ సున్నా.

“తాతయ్యా, ఇది సరిగ్గానే పనిచేస్తుందా?” అని అడిగింది.

పనిచేస్తుందని మూలంలోనే ఉందని చెప్పాను.

తాత్పర్యం

ఒకానొక పాత గోళీల బల్ల మెట్లెక్కనందున అమ్ముడయినది.

గద్య

ఇది శ్రీమత్ స్తంభాద్రి నృసింహ కటాక్షలబ్ధ పింఛనుధరుండును, అష్టాచెమ్మా విశారదుండును, గాజులు కొననివాడును అగు ఒకానొక తెలుగు పండితునిచే రచింపబడిన (ఇక్కడ కర్మణి ఒప్పే) టంకారిణి అను వ్యాఖ్య సంపూర్ణము.

కాగితం ఇంకా కిరాణా కొట్టు గోడకే ఉంది. పీకేయమని కొట్టాయన రెండుసార్లు చెప్పాడు. రోజుకు ఒకటో రెండో ఫోన్లు వస్తున్నాయి. బల్ల పోయిందని మొదటే చెప్పను. టేకు దగ్గర మొదలుపెట్టి, మేకులు, స్ప్రింగు, గోదావరి, అన్నీ అయ్యాక చెబుతాను. నిన్న ఒకాయన నలభై నిమిషాలు విన్నాడు.